గిటార్‌కు జీర గొంతు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం, బరంపురం... ఈసారి ఒడిశా సరిహద్దు జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే గోడు. ఇద్దరో ముగ్గురో కలిసి బ్యాండు పెట్టుకున్నారు. బ్లూస్ (అమెరికా నల్లజాతివారి పాత పాటల బాణీ) వాసన ఉన్న ఆల్టర్నేటివ్ రాక్ వాయించాలని ఆశ. వైట్ స్ట్రైప్స్, బ్లాక్ కీస్, జాన్ స్పెన్సర్ బ్లూస్ ఎక్స్‌ప్లోజన్ అనే అమెరికా బ్యాండ్ల రికార్డుల్లో గిటార్ జీర గొంతుతో పాడినట్టు ఉంటుంది కదా, ఆ పలుకు తమకు రావడం లేదట. సామాను చాలక రావడం లేదేమో అని అందరి అనుమానం. ఉత్తరాల్లో రాసిన వివరాలు చదివితే మాకు మాత్రం చాలామందికి సామాను ఎక్కువై రావడం లేదనిపించింది.

ప్రశ్న: మేం ఇద్దరమే. నేను గిటార్, మా చిన్నాన్న కొడుకు డ్రమ్స్. బేస్ గిటార్ వాయించేవాళ్లు దొరకలేదు. నా దగ్గర 15 వాట్ల ట్రాన్సిస్టర్ యాంప్, దాని ముందు మల్టీ ఎఫెక్ట్స్ పెడల్ (కాలితో నొక్కి ధ్వని మార్చే డబ్బా) ఉన్నాయి. ఒక్కణ్నే వాయిస్తే ఇల్లు దద్దరిల్లుతుంది. డ్రమ్స్ మొదలయ్యేసరికి నా గిటార్ డబ్బాలో పడ్డ తుమ్మెదలా అయిపోతోంది. పెద్ద యాంప్ కొనాలా అండీ? (డిగ్రీ విద్యార్థి, రాయగడ)

ఇప్పుడే కొనకండి. శబ్దం చెవికి రెట్టింపుగా అనిపించాలంటే వాట్లు సుమారు పది రెట్లు కావాలి. 15 వాట్ల నుంచి 30కి మారితే తేడా కొద్దిగానే తెలుస్తుంది, డబ్బు మాత్రం బాగా వదులుతుంది.

మీ ఇబ్బంది గెయిన్‌లో, అంటే సిగ్నల్‌ను లోపలే ఎంత పెంచాలో చెప్పే నాబ్‌లో ఉంది. డిస్టార్షన్ అంటే ధ్వని తరంగం కొసలు తెగిపోవడం. గెయిన్ పెంచేకొద్దీ మెల్లగా మీటినా, గట్టిగా కొట్టినా కొసలు ఒకే ఎత్తులో తెగుతాయి. చేతి బలంలో తేడా వినిపించకుండా పోతుంది. జీర అనేది ఆ తేడాలోనే ఉంటుంది: మెల్లగా మీటితే తేటగా ఉండాలి, గట్టిగా కొడితే గొంతు చీరుకోవాలి. రెండో పొరపాటు మిడ్, అంటే మధ్య స్థాయి ధ్వని నాబ్. ఒంటరిగా వాయించేటప్పుడు బేస్ (కింది ధ్వని), ట్రెబుల్ (పై ధ్వని) పెంచి మిడ్ తగ్గిస్తే చాలా గొప్పగా ఉంటుంది. బ్యాండులోకి వచ్చేసరికి కింది జాగాను కిక్ డ్రమ్, పై జాగాను సింబల్స్ లాగేసుకుంటాయి. గిటార్‌కు మిగిలేది మధ్య జాగా, సుమారు 400 నుంచి 2,500 హెర్ట్జ్ వరకు. దాన్ని మీరే నాబ్ తిప్పి ఖాళీ చేసేశారు.

ఇలా పెట్టి చూడండి. మల్టీ ఎఫెక్ట్స్‌లో యాంప్ మోడల్, క్యాబినెట్ సిమ్యులేషన్ రెండూ ఆపేయండి. అవి హెడ్‌ఫోన్‌కో రికార్డింగ్‌కో పనికొస్తాయి. నిజమైన యాంప్ ముందు పెడితే ధ్వని రెండు స్పీకర్లు దాటి వచ్చినట్టు మూసుకుపోతుంది. ఓవర్‌డ్రైవ్ (మెత్తటి గరగర ఇచ్చే ఎఫెక్ట్) ఒక్కటే ఉంచి, దాని గెయిన్ పదికి మూడు, లెవెల్ ఎనిమిది. యాంప్ మీద బేస్ 4, మిడ్ 8, ట్రెబుల్ 5. గిటార్ వాల్యూమ్ ఏడు దగ్గర పెట్టుకుని వాయిస్తూ, విరుచుకుపడే చోట పదికి తిప్పండి. యాంప్‌ను నేల మీద వదిలేయకుండా కుర్చీ మీద పెట్టి, ముఖం మీ చెవి వైపు వంచండి. నేల మీద ఉంటే మీ మోకాళ్లకు వినిపిస్తుంది. మీరు చెవికి చాలక ఇంకా ట్రెబుల్ పెంచుతారు.

తీగలు తొమ్మిది సెట్ (సన్న తీగ మందం అంగుళంలో వెయ్యింట తొమ్మిది వంతులు) అయితే తీసేసి 10-46 వెయ్యండి. వేళ్లు అలవాటుపడ్డాక 11-49. లావు తీగ గట్టి దెబ్బకు చలించకుండా నిలబడుతుంది, పలుకులో కండ ఉంటుంది. తీగలు మార్చాక మెడ కొద్దిగా ముందుకు వంగవచ్చు. దాన్ని సరిచేసే లోపలి కడ్డీని, అంటే ట్రస్ రాడ్‌ను, ఒకేసారి పావు చుట్టుకు మించి తిప్పకండి.

బేస్ లేదని దిగులు పడకండి. చికాగోలో బ్లూస్ గిటారిస్టు హౌండ్ డాగ్ టేలర్ బృందం రెండు గిటార్లు, ఒక డ్రమ్స్‌తోనే నడిచింది. రెండో గిటార్ కింది తీగల మీద బేస్ నడక పట్టేది. టేలర్ చేతిలో ఉన్నది చవక జపాన్ గిటార్. ఆయన్ని రికార్డు చెయ్యడానికే 1971లో ఎలిగేటర్ రికార్డ్స్ కంపెనీ పుట్టింది. వైట్ స్ట్రైప్స్‌కూ బేస్ లేదు. 2003లో వాళ్లు ప్రపంచమంతా తిప్పిన 'సెవెన్ నేషన్ ఆర్మీ' పాట రిఫ్‌లో (మళ్లీ మళ్లీ వచ్చే చిన్న వరసలో) బేస్‌లా వినిపించేది పెడల్‌తో ఒక ఆక్టేవ్ (స్థాయి) కిందికి దింపిన గిటారే. మీ మల్టీ ఎఫెక్ట్స్‌లో ఆక్టేవ్ ఉంటే ఓవర్‌డ్రైవ్‌కు ముందు పెట్టండి, వెనక పెడితే తడబడుతుంది. ఒక్కో తీగే మీటండి. రెండు తీగలు కలిపితే చవక ఆక్టేవ్ ఏ స్వరం పట్టుకోవాలో తెలియక గిలగిల్లాడుతుంది.

ప్రశ్న: ఆరేళ్లు కర్ణాటక వయొలిన్ నేర్చుకుని ఇప్పుడు ఎలక్ట్రిక్ గిటార్ పట్టాను. మైనర్ పెంటాటోనిక్ స్కేలు మెడ పొడవునా వచ్చు. అయినా ఏం వాయించినా కచేరీలా ఉందంటున్నారు గానీ బ్లూస్‌లా లేదంటున్నారు. (గుణుపురం)

ఆ స్కేలు మీకు పాత చుట్టమే. స గ2 మ1 ప ని2 అంటే శుద్ధ ధన్యాసి స్వరాలు. స్వరాలు అవే, నడవడిక వేరు.

ముందు గాంధారం సంగతి. బ్లూస్‌లో కింద నడిచే కార్డ్ (ఒకేసారి మోగే స్వరాల గుంపు) మేజర్ రకం. ఏ7 (A7) కార్డ్‌లో అంతర గాంధారం (గ3) ఉంటుంది. దాని మీద మీరు సాధారణ గాంధారం (గ2) వాయిస్తారు. రెండూ రాసుకుంటాయి. ఆ రాపిడి తప్పు కాదు, బ్లూస్ ప్రాణం అదే. పాడేవాళ్లు ఈ రెండింటికీ నడుమ, ఎక్కడా పూర్తిగా ఆనకుండా నిలబడతారు. గిటార్ మీద అది ఇలా వస్తుంది: ఐదో ఫ్రెట్ (మెడ మీది అడ్డ కమ్మీ) దగ్గర ఏ (A) మైనర్ పెంటాటోనిక్ పట్టుకోండి. మూడో తీగ ఐదో ఫ్రెట్ గాంధారం. చూపుడు వేలితో దాన్ని నేల వైపు కాస్త లాగండి. అర స్వరం దాకా వెళ్లకూడదు, అందులో సగమే. మొదటి తీగ ఎనిమిదో ఫ్రెట్ దగ్గరా ఇదే పని, అక్కడ తీగను పైకి తొయ్యాలి. వయొలిన్ చెవి ఉంది కాబట్టి వారంలో పట్టుబడుతుంది.

పూర్తి బెండ్‌కు, అంటే తీగను తోసి ఒక పూర్తి స్వరం పైకి తేవడానికి, కొలత ఉంది. మూడో తీగ ఏడో ఫ్రెట్‌ను పైకి తోస్తూ, రెండో తీగ ఐదో ఫ్రెట్ మీటి చూడండి. రెండూ ఒకే శ్రుతిలో కలవాలి. తొయ్యాల్సింది మణికట్టు, వేలు కాదు. ఉంగరపు వేలు వెనక మిగతా రెండు వేళ్లూ ఆసరా ఇవ్వాలి.

ఈ ఐదు స్వరాలకు అదనంగా బ్లూస్‌లో తగిలే ప్రతి మధ్యమం (మ2) ఐదో తీగ ఆరో ఫ్రెట్‌లోనూ, మూడో తీగ ఎనిమిదో ఫ్రెట్‌లోనూ దొరుకుతుంది. అది దారి మధ్య గడప లాంటిది, దాటాలే గానీ దాని మీద కూర్చోకూడదు.

మీ వాయింపు కచేరీలా ఉండడానికి అసలు కారణం గమకం అనుకుంటాం. శిక్షణ ఉన్న చెయ్యి ప్రతి స్వరాన్నీ ఊపుతుంది. బ్లూస్‌లో స్వరాన్ని మొదట కొయ్యలా నిలబెట్టి, అది వాడిపోయే ముందు వెడల్పుగా, నిదానంగా ఊపాలి. ఆ తర్వాత ఊరుకోవాలి. రెండు బార్లు (నాలుగు దెబ్బల ఆవర్తం ఒక బార్) గొంతు పాడితే రెండు బార్లు గిటార్ జవాబు చెప్పాలి. గొంతు పలికేటప్పుడు గిటార్ నోరు మూసుకోవడం నేర్చుకుంటే సగం బ్లూస్ వచ్చినట్టే.

నడక తిశ్రం. "తకిట తకిట" అనుకుంటూ "త" దగ్గర, "ట" దగ్గర మాత్రమే మీటండి, "కి" మూగగా పోవాలి. మెట్రోనోమ్ 70 దగ్గర మొదలుపెట్టి 12 బార్ల వరస పట్టండి: నాలుగు బార్లు ఏ7, రెండు డి7, రెండు ఏ7, ఒకటి ఇ7, ఒకటి డి7, ఒకటి ఏ7, చివరిది మళ్లీ మొదటికి తోసే ఇ7. డ్రమ్మర్ తిశ్రంలో, మీరు చతురశ్రంలో ఉంటే బండి ఒక చక్రం గుంతలో పడ్డట్టు నడుస్తుంది. పాట మొదలెట్టే ముందే తేల్చుకోండి.

మీకు ఇంకో దారి కూడా ఉంది, అదే దగ్గరదారి కావచ్చు. ఉత్తర మిసిసిపీ కొండ ప్రాంతపు బ్లూస్‌లో ఈ 12 బార్ల లెక్క పెద్దగా కనిపించదు. ఒకే కార్డ్, ఒకే రిఫ్, నిమిషాల తరబడి. కింద తంబురా శ్రుతిలా ఒక తీగ మోగుతూనే ఉంటుంది. ఆర్.ఎల్. బర్న్‌సైడ్, జూనియర్ కింబ్రోలను వినండి. వాళ్లను 1990లలో ఫ్యాట్ పోసమ్ అనే చిన్న రికార్డు కంపెనీ బయటి ప్రపంచానికి వినిపించింది. 1996లో జాన్ స్పెన్సర్ బృందం బర్న్‌సైడ్‌తో కలిసి ఒక ఆల్బమ్ చేసింది. 2006లో బ్లాక్ కీస్ కింబ్రో పాటలతోనే ఒక రికార్డు తెచ్చారు. ఈ ఆల్టర్నేటివ్ బ్యాండ్ల వేరు ఎక్కడ ఉందో అవి వింటే తెలుస్తుంది. మీ వైపు జముకుల కథ చూసే ఉంటారు. తీగను బిగిస్తూ వదులుతూ మీటుతుంటే జముకు స్వరం ఎలా మూలుగుతుందో గుర్తు తెచ్చుకోండి. ఆ చెవి మీకు ఇంటి నుంచే వచ్చింది.

ప్రశ్న: స్లైడ్ (వేలికి తొడిగిన గొట్టాన్ని తీగల మీద జార్చే పద్ధతి) వాయించాలని సీసా మూత మొదలుకుని అన్నీ ప్రయత్నించాను. తీగలు ఫ్రెట్లకు తగిలి టకటకమంటున్నాయి, స్వరం అపశ్రుతి. నాది పాత అకౌస్టిక్, తీగలు కాస్త ఎత్తుగా ఉంటాయి. (పర్లాకిమిడి)

మామూలు వాయింపుకు శాపమైన ఆ ఎత్తు స్లైడ్‌కు వరం. 12వ ఫ్రెట్ దగ్గర తీగకూ ఫ్రెట్‌కూ మధ్య మూడు మిల్లీమీటర్లు ఉంటే హాయిగా వాయించొచ్చు. ఆ గిటార్‌ను స్లైడ్‌కే వదిలెయ్యండి.

స్లైడ్‌కు నల్లాల కొట్లో అరంగుళం జి.ఐ. పైపు ముక్క అడగండి. బయటి కొలత 21 మిల్లీమీటర్ల చిల్లర, లోపల సుమారు 16. చిటికెన వేలికి గాని, సన్నటి ఉంగరపు వేలికి గాని సరిపోతుంది. ఆరు సెంటీమీటర్లు కోయించి, లోపలి అంచు ఆకురాయితో నునుపు చేయించండి. లేకపోతే వేలు తెగుతుంది. బయట నీటి ఎమెరీ కాగితం 400, 800, 1200 వరసగా, తడిపి రుద్దండి. పొడిగా రుద్దితే జింకు దుమ్ము ముక్కులోకి పోతుంది. గోరు గీస్తే గరుకు తగలకూడదు. పైపు గరుకు ఎంత మిగిలితే తీగ మీద అంత "కీచు" వస్తుంది.

శ్రుతి ఓపెన్ జి: ఆరో తీగను ఇ నుంచి డికి, ఐదో తీగను ఏ నుంచి జికి, మొదటి తీగను ఇ నుంచి డికి దింపండి. మిగతా మూడింటినీ ముట్టుకోవద్దు. లావు తీగ నుంచి సన్న తీగకు డి జి డి జి బి డి. ఏమీ పట్టుకోకుండా మీటితేనే కార్డ్ పలుకుతుంది. ఐదో ఫ్రెట్ మీద నాలుగో కార్డ్, ఏడో ఫ్రెట్ మీద ఐదో కార్డ్, 12 మీద మళ్లీ మొదటిది. పాట మొత్తం అయిపోయింది.

అపశ్రుతికి కారణం ఒక్కటే అయి ఉంటుంది: ఫ్రెట్ల మధ్య వేలు పెట్టే అలవాటు. స్లైడ్ ఫ్రెట్ కమ్మీకి సరిగ్గా నెత్తిన, సమాంతరంగా నిలవాలి. నొక్కకండి, దాని బరువే చాలు. స్లైడ్ వెనక చూపుడు, మధ్య వేళ్లు తీగల మీద ఆనీ ఆనకుండా పెట్టండి. లేకపోతే స్లైడ్ వెనక భాగం కూడా మోగి రెండు స్వరాలు వినిపిస్తాయి. కుడి చేత్తో మీటని తీగలను అరచేతి అంచుతో ఆపండి. డికి దింపిన మొదటి తీగ వదులుగా అనిపిస్తే, 13 లేదా 14 తీగ విడిగా కొని వెయ్యండి.

ప్రశ్న: మా ఇల్లు గోపాల్‌పూర్ దగ్గర. తీగలు మూడు వారాలకే తుప్పు. (గంజాం జిల్లా)

సముద్రపు గాలి, చెమట కలిస్తే అంతే. వాయించగానే పొడి నూలు గుడ్డతో ప్రతి తీగనూ కింది నుంచి కూడా పట్టి తుడవండి. గిటార్ గోడకు వేలాడదీయకుండా సంచిలో, సిలికా జెల్ పొట్లాలతో ఉంచండి. పొట్లాలను నెలకోసారి ఆరబెట్టాలి. పూత ఉన్న తీగలు ఖరీదే అయినా మీ ఊళ్లో గిట్టుబాటు అవుతాయి. తుప్పు తీగలు శ్రుతి నిలవవు, ఫ్రెట్లను కూడా అరగదీస్తాయి.

ప్రశ్న: ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ చదువుతున్నాను. రెండు ట్రాన్సిస్టర్ల ఫజ్ (ముతక గరగర ఇచ్చే) పెడల్ కట్టాను. మొదటిసారి అసలు పలకలేదు. రెండోసారి పలికింది గానీ ఊపిరాడనట్టు తెగి తెగి వస్తోంది, మధ్యలో రేడియో కూడా వినిపిస్తోంది. విలువలతో సహా చెప్పగలరా? (బరంపురం)

చెబుతాం. ఇది 1966లో లండన్‌లో ఆర్బిటర్ కంపెనీ తెచ్చిన ఫజ్ ఫేస్ సర్క్యూట్. మొదట్లో జర్మేనియం ట్రాన్సిస్టర్లు, తర్వాత సిలికాన్. జర్మేనియం తీయగా ఉంటుందని వెతకొద్దు. వేడికి దాని బయాస్ (ట్రాన్సిస్టర్ నిలవాల్సిన వోల్టేజీ) జారిపోతుంది, మే నెల బరంపురంలో పొద్దున ఒకలా, మధ్యాహ్నం ఒకలా పలుకుతుంది. సిలికాన్ వెయ్యండి.

కావాల్సినవి: మొదటి ట్రాన్సిస్టర్‌కు బీసీ547ఏ, రెండోదానికి బీసీ547బి. రెసిస్టర్లు 33 కిలో ఓమ్‌లు, 100 కిలో ఓమ్‌లు, 470 ఓమ్‌లు ఒక్కొక్కటి. 10 కిలో ఓమ్‌ల ప్రీసెట్ (తిప్పి విలువ మార్చే చిన్న రెసిస్టర్) ఒకటి. ఫజ్‌కు 1 కిలో ఓమ్ లీనియర్ పాట్, వాల్యూమ్‌కు 500 కిలో ఓమ్‌ల లాగ్ పాట్ (470 దొరికినా సరే). ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు 2.2, 22 మైక్రోఫారడ్‌లు. పాలిస్టర్ 0.01 మైక్రోఫారడ్ ఒకటి, దాని మీద 103 అని ఉంటుంది. సిరామిక్ 100 పికోఫారడ్ ఒకటి, దాని మీద 101. స్టీరియో జాక్ ఒకటి, మోనో జాక్ ఒకటి, 9 కాళ్ల ఫుట్ స్విచ్, 9 వోల్టుల బ్యాటరీ, అల్యూమినియం డబ్బా. ప్లాస్టిక్ డబ్బా వద్దు, గాలిలోని గురగురనంతా లాక్కుంటుంది.

కలపడం ఇలా. గిటార్ నుంచి 2.2 మైక్రోఫారడ్ గుండా మొదటి ట్రాన్సిస్టర్ బేస్‌కు. కెపాసిటర్ ప్లస్ బేస్ వైపు. మొదటిదాని ఎమిటర్ గ్రౌండ్‌కు. కలెక్టర్ నుంచి 33 కిలో ఓమ్‌లు ప్లస్ 9 వోల్టులకు, అదే కలెక్టర్ నేరుగా రెండోదాని బేస్‌కు. రెండోదాని ఎమిటర్ నుంచి 1 కిలో ఓమ్ పాట్ గుండా గ్రౌండ్‌కు. ఆ పాట్ నడిమి కాలు నుంచి 22 మైక్రోఫారడ్ గ్రౌండ్‌కు, ప్లస్ పాట్ వైపు. రెండోదాని ఎమిటర్ నుంచి 100 కిలో ఓమ్‌లు వెనక్కి మొదటిదాని బేస్‌కు. రెండోదాని కలెక్టర్ నుంచి ప్రీసెట్, దాని తర్వాత 470 ఓమ్‌లు, అక్కడి నుంచి ప్లస్ 9. ప్రీసెట్, 470 కలిసే చోటు నుంచి 0.01 గుండా వాల్యూమ్ పాట్‌కు. వాల్యూమ్ పాట్ నడిమి కాలు బయటికి. శబ్దం చాలకపోతే 470 తీసి 1 కిలో ఓమ్ వెయ్యండి.

మీ మొదటి పెడల్ పలకకపోవడానికి కారణం ట్రాన్సిస్టర్ కాళ్లు కావచ్చు. బీసీ547 చదును ముఖం మీ వైపు, కాళ్లు కిందికి పెడితే ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. విదేశీ బొమ్మల్లో కనిపించే 2ఎన్3904 దీనికి సరిగ్గా తిరగేసి ఉంటుంది. బొమ్మ చూసి అలాగే గుచ్చితే రెండూ తలకిందులవుతాయి.

రెండో పెడల్ ఊపిరాడకపోవడం బయాస్ గొడవ. పాత బొమ్మల్లో ప్రీసెట్ స్థానంలో 8.2 కిలో ఓమ్‌లు ఉంటుంది. సిలికాన్‌తో అది వేస్తే రెండోదాని కలెక్టర్ మూడు వోల్టుల లోపే ఆగిపోతుంది, తరంగం ఒక పక్కే ఎక్కువ తెగుతుంది. స్వరం ఆరిపోయేటప్పుడు ఉమ్మినట్టు తెగడం అందుకే. మల్టీమీటర్ నల్ల తీగ గ్రౌండ్‌కు, ఎర్రది రెండోదాని కలెక్టర్‌కు పెట్టి, 4.5 వోల్టులు వచ్చేదాకా ప్రీసెట్ తిప్పండి. సుమారు 6 కిలో ఓమ్‌ల దగ్గర వస్తుంది. మిగతా చోట్ల కూడా చూడండి: మొదటిదాని బేస్ 0.6, దాని కలెక్టర్ 1.3, రెండోదాని ఎమిటర్ 0.7 వోల్టుల దరిదాపుల్లో ఉండాలి. ప్రీసెట్ ఎలా తిప్పినా రెండోదాని కలెక్టర్ ఒక వోల్టు దగ్గరే ఇరుక్కుంటే మొదటి ట్రాన్సిస్టర్ పని చెయ్యడం లేదు. 100 కిలో ఓమ్‌ల సోల్డర్ ఊడిందేమో చూడండి. 9 వోల్టులే చూపిస్తే రెండోది తెరుచుకోవడం లేదు, దాని బేస్ కలుపు చూడండి.

రేడియో వినిపించడానికి విరుగుడు ఆ 100 పికోఫారడ్. మొదటిదాని కలెక్టర్‌కూ బేస్‌కూ మధ్య, కాళ్లకు ఆనించి సోల్డర్ చెయ్యండి. లోపలికి వచ్చే తీగ పొట్టిగా ఉండాలి, డబ్బా గ్రౌండ్‌కు కలవాలి. హంబకర్ (రెండు కాయిళ్ల) పికప్ గిటార్ అయితే 2.2 బదులు 0.22 మైక్రోఫారడ్ వెయ్యండి, అడుగున ముద్ద తగ్గుతుంది.

స్టీరియో జాక్ లోపలికి వచ్చే వైపు పెట్టి, బ్యాటరీ మైనస్‌ను నడిమి వలయానికి కలిపితే తీగ పీకగానే బ్యాటరీ ఆగుతుంది. ఇది తినేది ఒక మిల్లీ యాంపియరే. అడాప్టర్ జోలికి వెళ్లకండి.

కట్టడం అయ్యాక వాడకంలో చేసే తప్పు ఒకటుంది. ఫజ్‌ను వరసలో చివర పెడతారు. ఇది గిటార్ పికప్‌ను నేరుగా ముట్టుకోవాలి, మధ్యలో ఇంకే పెడలూ ఉండకూడదు. అప్పుడు గిటార్ వాల్యూమ్ ఆరుకు తగ్గిస్తే గరగర కరిగి గంట మోగినట్టు తేట పలుకు వస్తుంది. పదికి తిప్పితే గొంతు చించుకుంటుంది. ఒక్క చిటికెన వేలితో రెండు గొంతులు. ఫజ్ నాబ్ మూడొంతుల దగ్గర ఆపండి. మొత్తం తిప్పితే స్వరం కంటే ఇసుకే ఎక్కువ వినిపిస్తుంది.

ప్రశ్న: తాతగారి వాల్వ్ రేడియో ఇంకా పలుకుతుంది. అందులో గిటార్ పెట్టి వాయించొచ్చంటున్నారు, నిజమేనా? (జయపురం)

కొన్నిట్లో నిజం, కొన్నిట్లో ప్రాణాంతకం. తేడా తెలుసుకోకుండా ముట్టుకోవద్దు. వాల్వ్‌ల మీద పేర్లు చదవండి. ఇంగ్లిష్ 'యూ' (U) అక్షరంతో మొదలైతే (యూసీఎల్82 లాంటివి) అది ఏసీ, డీసీ రెండింటికీ పనిచేసే రకం కావచ్చు. వాటిలో సాధారణంగా మెయిన్స్‌ను వేరుచేసే ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. ఛాసిస్ (లోపలి లోహపు చట్రం) నేరుగా కరెంటుకు కలిసి ఉంటుంది. గిటార్ తీగ ముట్టుకుంటే 230 వోల్టులు ముట్టుకున్నట్టే. దాన్ని రేడియోగానే ఉంచండి.

ఇంగ్లిష్ 'ఈ' (E) అక్షరంతో మొదలయ్యే వాల్వ్‌లు (ఈఎల్84, ఈసీసీ83) ఉండి, లోపల బరువైన మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ కూడా ఉంటే దారి ఉంది. ఆ ట్రాన్స్‌ఫార్మర్ సంగతి మెకానిక్ చూసి ఖాయం చెయ్యాలి. వెనక గ్రామఫోన్ పికప్ సాకెట్ ఉంటుంది, గిటార్ అందులోకి. వాల్వ్‌లు తెలిసిన పెద్ద వయసు రేడియో మెకానిక్‌తో ముందు మూడు పనులు చేయించండి: మూడు పిన్నుల తీగ వేసి ఛాసిస్‌ను ఎర్త్‌కు కలపడం, పాత ఎలక్ట్రోలిటిక్‌లు మార్చడం, అవుట్‌పుట్ వాల్వ్ గ్రిడ్ దగ్గరి కప్లింగ్ కెపాసిటర్ మార్చడం. ఆ చివరిది లీకైతే వాల్వ్ ఎర్రగా కాలిపోతుంది. మీరు మూత తీయొద్దు. ప్లగ్ పీకేశాక కూడా కెపాసిటర్లలో 200 వోల్టులకు పైగా నిలవ ఉండొచ్చు.

పికప్ సాకెట్‌కు గిటార్ సిగ్నల్ చాలదు, ముందు ఒక బూస్ట్ పెడల్ కావాలి. వచ్చేది మూడు నాలుగు వాట్లే. ఆ కొద్ది వాట్లు అయిపోయే చోట వాల్వ్ ఒక్కసారిగా తెంచకుండా మెల్లగా ఒరుసుకుంటూ తెంపుతుంది. 1950ల నాటి రికార్డుల్లో జీర చాలావరకు ఇలాంటి చిన్న యాంప్‌లను చివరిదాకా తిప్పడం వల్ల పుట్టిందే.

ప్రశ్న: పందిట్లో వాయిస్తుంటే మైక్‌కు పెదవి తగలగానే షాక్ కొట్టింది. గిటార్‌లో 'గుం' శబ్దం కూడా. ఎర్త్ పిన్ను పీకేస్తే గుం తగ్గుతుందన్నారు. (గజపతి జిల్లా)

పీకకండి. ఎవరు చెప్పినా పీకకండి. మైక్ మిక్సర్ ఒక బోర్డు నుంచి, మీ యాంప్ వేరే బోర్డు నుంచో జనరేటర్ నుంచో కరెంటు తీసుకుంటే రెండు ఎర్త్‌ల మధ్య వోల్టేజీ ఉండొచ్చు. మీ చేతిలో తీగలు, పెదవి దగ్గర మైక్. మధ్యలో తీగలా మీరు. సౌండ్ వాళ్లను అడిగి రెండింటికీ ఒకే మూడు పిన్నుల బోర్డు నుంచి కరెంటు ఇప్పించండి. ఆ బోర్డుకు 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) ఉండాలి. పాడే ముందు మల్టీమీటర్‌ను ఏసీ 750 వోల్టుల స్థాయిలో పెట్టి ఒక మొన మైక్ జాలీకి, ఇంకోటి గిటార్ తీగకు తాకించండి. రెండు మూడు వోల్టులు దాటి చూపిస్తే వాయించకండి. మైక్ మీది స్పాంజి తొడుగు పెదవిని కాపాడుతుందే గానీ జబ్బు తగ్గించదు.

షాక్ భయం తీరాక గుం సంగతి. తీగలు చేత్తో పట్టుకుంటే తగ్గే గుం మామూలే. నిలబడే దిక్కు మారిస్తే తగ్గేది సింగిల్ కాయిల్ పికప్ లాక్కునేది, ట్రాన్స్‌ఫార్మర్లకూ సీరియల్ లైట్లకూ దూరం జరగండి. రెండూ కాకపోతే తీగ జాక్ విప్పి చూడండి, బయటి అల్లిక తెగి ఉంటుంది.

ప్రశ్న: మా గదిలోనే నాలుగు పాటలు రికార్డు చేద్దామనుకుంటున్నాం. రెండు మైకులు పట్టే ఇంటర్‌ఫేస్ (మైకులను కంప్యూటర్‌కు కలిపే డబ్బా) ఒకటి, లాప్‌టాప్ ఉన్నాయి. ఆ పచ్చితనం ఉండాలంటే? (రాయగడ, పర్లాకిమిడి నుంచి ఇద్దరు)

రెండు మైకులు చాలు. 2003లో వచ్చిన బ్లాక్ కీస్ రెండో ఆల్బమ్‌ను డ్రమ్మర్ ఇంటి బేస్‌మెంట్‌లో ఎనిమిది ట్రాకుల టేపు మీద ఎక్కించారు. అదే ఏడాది వచ్చిన వైట్ స్ట్రైప్స్ ఆల్బమ్ కూడా లండన్‌లోని ఒక చిన్న స్టూడియోలో ఎనిమిది ట్రాకుల టేపు మీదే, కంప్యూటర్ ముట్టకుండా తయారైంది.

శ్లాబు గదిలో చప్పట్లు కొట్టి వినండి. "ట్ర్‌ర్" అని మోగితే ఎదురెదురు గోడలు ఆడుకుంటున్నాయి. ఒక గోడకు పరుపు నిలబెట్టి, నేల మీద బొంతలు పరవండి. నాలుగు గోడలూ కప్పొద్దు, గది ఊపిరి కొంత ఉండాలి. ఫ్యాను ఆపాలి. రేకుల ఇల్లయితే వాన లేని రోజు చూసుకోండి.

గిటార్, డ్రమ్స్ ఒకేసారి వాయించండి. విడివిడిగా ఎక్కిస్తే ఒకరి మీద ఒకరు పడే ఆ తోపులాట పోతుంది. ఒక డైనమిక్ మైకు యాంప్ స్పీకర్‌కు రెండున్నర సెంటీమీటర్ల దూరంలో పెట్టండి. స్పీకర్ మధ్యలో బోర్లించిన చిన్న గిన్నెలాంటి మూత ఉంటుంది, మైకు దాని అంచును చూడాలి. నడిమికి జరిపితే పదును, బయటికి జరిపితే మెత్తదనం. ఒక్క సెంటీమీటరుకే మారిపోతుంది. నాబ్‌లు తిప్పేముందు మైకు జరపండి. రెండో మైకు డ్రమ్మర్ కుడి భుజం మీదుగా స్నేర్ (ముందున్న చిన్న డ్రమ్) వైపు చూసేలా, స్నేర్‌కు మీటరు దూరంలో. కిక్ చాలకపోతే ఆ మైకును కాస్త కిందికి దించండి. గిటార్ డ్రమ్స్ మైకులో, డ్రమ్స్ గిటార్ మైకులో కలుస్తాయి. కలవనివ్వండి. కలిశాక పలచగా వినిపిస్తే ఒక ట్రాక్ ఫేజ్ తిరగేసి (తరంగాన్ని తలకిందులు చేసి) చూడండి, ఏది బలంగా ఉంటే అది ఉంచండి.

లెవెల్ గరిష్ఠంగా మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగాలి. గరగర యాంప్‌లో పుట్టాలి, కంప్యూటర్‌లో పుట్టేది చెవిని కోస్తుంది. గొంతు తర్వాత, అదే గదిలో, అదే యాంప్ గుండా పంపి మైకుతో ఎక్కించి చూడండి. ఒక్కో పాట మూడుసార్లు వాయించి ఆపెయ్యండి. మర్నాడు పొద్దున విని, మూడింట్లో ఒకటి ఎంచుకోండి. ముక్కలు అతకొద్దు.